హైస్కూలు పిల్లలకు హునర్

మదీనాలో అన్సార్ వర్గానికి చెందిన ఒక పేదవాడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి చేయి చాచాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని ఆయన (స) అడిగారు. ఒక ముతక దుప్పటి ఉందని, దాన్నే కొంత కప్పుకుని కొంత పరుచుకుంటామని, నీళ్లు తాగే గిన్నె ఒకటుందని అతను చెప్పాడు. ప్రవక్త (స) ఆ రెండింటినీ తెప్పించి సహాబాల మధ్య వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకా ఎక్కువ ఎవరిస్తారని రెండు మూడుసార్లు అడిగితే, మరొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటివారికి తిండి కొనిపెట్టమని, రెండోదానితో గొడ్డలి కొని తెమ్మని ఆయన (స) అతనికి చెప్పారు. తెచ్చిన గొడ్డలికి తమ స్వహస్తాలతో పిడి బిగించి ఇచ్చారు. కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా తమకు కనిపించవద్దని పంపారు. గడువు తీరేసరికి అతని చేతిలో పది దిర్హములున్నాయి. కొంత పెట్టి బట్టలు, కొంత పెట్టి తిండి కొనుక్కున్నాడు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్ గ్రంథంలో ఉంది.

జుమా బయాన్‌లలో ఈ హదీసును తరచుగా వింటూ ఉంటాం. యాచన కూడదని చెప్పడానికి దీన్ని ఉదహరిస్తారు. అది సబబే. అయితే పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికే మాలాంటి వారికి ఇందులో మరో సంగతి కూడా కనిపిస్తుంది. ముందు ఇంట్లో ఆకలి తీర్చారు. ఆ తర్వాత పనిముట్టు సమకూర్చారు. అది పనికి వచ్చేలా పిడి బిగించారు. ఏ పని చేయాలో, సరుకు ఎలా గడించాలో చెప్పారు. గడువు పెట్టారు, గడువు తీరాక లెక్క చూశారు. పిల్లలకు పని నేర్పించాలనుకునే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, ఉస్తాదులు పాటించవలసిన క్రమమంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది. ఇవాళ మన ఇళ్లలో ఈ క్రమం తలకిందులైంది. పిల్లవాడి చేతికి గొడ్డలి ఇస్తున్నాం కానీ పిడి బిగించడం లేదు. లేదంటే పదేళ్లపాటు బడికి పంపి, గొడ్డలి ఎలా ఉంటుందో కూడా చూపించడం లేదు.

చేతిపని అంటే చిన్నచూపు మన దీన్‌లో లేదు. హజ్రత్ నూహ్ (అ) ఓడ నిర్మించారు. హజ్రత్ దావూద్ (అ) ఇనుముతో కవచాలు చేసేవారు. స్వహస్తాల సంపాదనే తినేవారు. హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి. హజ్రత్ మూసా (అ) మద్‌యన్‌లో ఏళ్ల తరబడి ఒప్పందం మీద కొలువు చేశారు. అంతిమ దైవప్రవక్త (స) తాము మక్కావాసుల గొర్రెలను కాసిన సంగతి స్వయంగా చెప్పుకున్నారు. హనఫీ మదర్సాల్లో చదువుకున్న ప్రతి ఒక్కరూ 'ఖుదూరీ' కితాబు చదివి ఉంటారు. ఆ ఇమామ్ గారి పేరు కుండల పనికో, కుండల వ్యాపారానికో సంబంధించినదని చెబుతారు. ఈ సంగతి ఎంతమంది తాలిబె ఇల్మ్‌లు ఆలోచించి ఉంటారు? వక్ఫ్ చట్టాల మీద ప్రామాణిక గ్రంథం రాసిన ఇమామ్ ఖస్సాఫ్ చెప్పులు కుట్టి జీవనం సాగించారు. ఇమామె ఆజమ్ అబూహనీఫా (రహ్మ) పట్టుబట్టల వర్తకులు.

పేరులో పని, ఇంట్లో పని లేదు

మన తెలుగునాట ముస్లింల వర్గాల పేర్లలోనే పనులున్నాయి. దూది ఏకేవారు దూదేకులవారయ్యారు. అత్తరు అమ్మేవారు అత్తరు సాయిబులయ్యారు. రాయి కొట్టేవారిని తురక కాశలన్నారు. వీధుల్లో కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవారు, గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగినవారు, తాళాలు బాగుచేసినవారు, గుర్రాలకు నాడాలు వేసినవారు అందరూ మనవాళ్లే. హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఫోమ్ పరుపు వచ్చాక దూది ఏకే విల్లు అటక ఎక్కింది. స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి పని పోయింది. తండ్రి పని కొడుకుకు అందే రోజులు చాలా ఇళ్లలో ముగిశాయి. కనుక పిల్లవాడు పని నేర్చుకోవాలంటే బయటి ఉస్తాద్ దగ్గరికి వెళ్లవలసిందే. ఏ వయసులో వెళ్తున్నాడు, ఎంత చదివి వెళ్తున్నాడు, ఏ షరతు మీద వెళ్తున్నాడు అన్నదే అసలు ప్రశ్న.

2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఒక లెక్క చెప్పింది. దేశంలో పనిచేసే ముస్లింలలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడ్డవారు. హిందువులలో ఈ సంఖ్య సుమారు 55 శాతం. అంటే నెలజీతం కన్నా సొంత చేతిపని, సొంత దుకాణం, సొంత బండి మీద బతికే సమాజం మనది. అలాంటి సమాజానికి పని నేర్పే విద్య అందరికన్నా ఎక్కువ అవసరం. కానీ ఐటీఐ గేటు దగ్గర మన పిల్లలు పలుచగా కనిపిస్తారు, మెకానిక్ షెడ్డుల్లో మాత్రం దండిగా కనిపిస్తారు.

ఎనిమిదో తరగతిలో కిటకిటలాడిన బెంచీలు పదో తరగతికి వచ్చేసరికి ఖాళీ అవుతాయి. రంజాన్ నెలలో బట్టల దుకాణంలో సాయానికని వెళ్లిన అబ్బాయి ఈద్ దాటాక బడికి తిరిగి రాడు. కబురు పంపితే తల్లి వచ్చి, "మౌల్వీ సాబ్, చదివి మాత్రం ఏం చేస్తాడు? పని నేర్చుకుంటే నాలుగు రూపాయలు తెస్తాడు" అంటుంది. ఆ తల్లిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. ఇంటి అద్దె ఆమె కట్టాలి, మేము కట్టం. అయినా ఆ మాటలో ఒక లెక్క తప్పింది. నాలుగు రూపాయలు తేవడానికి కూడా ఇవాళ పదో తరగతి కావాలి.

షెడ్డులో మారిన కాలం

ముప్పయ్యేళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్న ఒక ఉస్తాద్ మాకు బాగా తెలుసు. బండి వీధి మలుపులో ఉండగానే శబ్దం విని రోగం చెప్పగలిగినవాడు. కార్బురేటర్ విప్పి, ఊది, బిగిస్తే బండి పాటలా నడిచేది. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాల బండ్లు మాత్రమే అమ్మాలన్న నిబంధన వచ్చింది. కొత్త బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, సెన్సార్లు వచ్చాయి. బండికి ఏమైందో ఇప్పుడు శబ్దం ఒక్కటే చెప్పదు. స్కానర్ తగిలిస్తే తెరమీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో ఒక కోడ్ వస్తుంది. ఆ ఉస్తాద్ ఐదో తరగతితో బడి మానినవాడు. కోడ్ వచ్చినప్పుడల్లా పదో తరగతి చదివే కొడుకును పిలుస్తాడు. కొడుకు చదివి చెబుతాడు, తండ్రి పానా పట్టుకుంటాడు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ బండిని ఒంటరిగా బాగుచేయలేరు.

ఏసీ రిపేరులోనూ ఇదే కథ. ఒకప్పుడు గ్యాస్ నింపడం, కంప్రెసర్ మార్చడం వస్తే చాలు. ఇప్పుడు ఇన్వర్టర్ ఏసీలో సర్క్యూట్ బోర్డు చదవాలి. పాత ఆటో ఇంజిన్ విప్పడం తెలిసినవాడికి బ్యాటరీ ఆటో ముందు చేతులాడవు. ఎలక్ట్రీషియన్ లోడు లెక్క కట్టలేకపోతే ఇల్లు కాలుతుంది. పని తెలిసి చదువు లేనివాడు గతంలో పేదవాడుగా మిగిలేవాడు, పని మాత్రం చేతిలో ఉండేది. ఇప్పుడు ఆ పనే చేతిలోంచి జారిపోతోంది. పన్నెండేళ్ల పిల్లవాడిని బడి మాన్పించి షెడ్డులో పెట్టేవారు ఈ మార్పును గమనించడం ఎంతైనా అవసరం.

చదువు పనికి ఎలా తోడవుతుందో, పని చదువుకు అలాగే తోడవుతుంది. పునాది తీసేటప్పుడు మేస్త్రీ తాడు పట్టుకుని ఒక వైపు మూడడుగులు, మరో వైపు నాలుగడుగులు గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు వస్తే మూల మట్టం కుదిరినట్టు. ఇది పదో తరగతి లెక్కల పుస్తకంలోని పైథాగరస్ సిద్ధాంతమే. పుస్తకంలో దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో రాసి మరిచిపోయే పిల్లవాడు ఒక్క ఆదివారం మేస్త్రీ వెంట తాడు పట్టుకుంటే జన్మలో మరిచిపోడు. దర్జీ ఛాతీ కొలతను నాలుగు భాగాలు చేయడం, వడ్రంగి కోణం చూసి చెక్క కోయడం, లేత్ మిషన్ మీద ఫిట్టర్ వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా కొలవడం అన్నీ బడి లెక్కలే.

పద్నాలుగో శతాబ్దపు మహా పండితుడు ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో చేతివృత్తుల గురించి ప్రత్యేకంగా అధ్యాయాలు రాశారు. వృత్తి అంటే ఆయన దృష్టిలో ఒక 'మలకా'. మళ్లీ మళ్లీ చేయడం వల్ల మనిషిలో నాటుకుపోయే సామర్థ్యం అది. కళ్లారా చూసి నేర్చినది, చెవితో విని నేర్చినదానికన్నా పరిపూర్ణంగా ఉంటుందని, వృత్తికి ఉస్తాద్ తప్పనిసరి అని ఆయన అభిప్రాయం. ఈ మాటలను మదర్సాలో అరబీలో చదివిన మాకు ఆరు వందల ఏళ్లు దాటినా అవి పాతబడినట్టు అనిపించవు.

రెండో తప్పు

బడి మాన్పించడం ఒక తప్పైతే, బడిలో చేయి కదలనివ్వకపోవడం మరో తప్పు. దీన్ని సరిదిద్దాలన్న ఆలోచన ఈ దేశంలో కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రాథమిక విద్య గురించి సమావేశం జరిపినప్పుడు, ఆ పథకం తయారు చేసే కమిటీకి అధ్యక్షుడిగా డాక్టర్ జాకిర్ హుసేన్ గారిని నియమించారు. ఆయన 1897లో మన హైదరాబాద్‌లోనే జన్మించారు, 1967లో రాష్ట్రపతి అయ్యారు. ఏడేళ్ల ఉచిత విద్య మాతృభాషలో సాగాలని, నూలు వడకడం, నేత, వడ్రంగం, వ్యవసాయం వంటి ఒక చేతివృత్తి చుట్టూ మిగతా పాఠాలు అల్లాలని ఆ కమిటీ చెప్పింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవాన్ని బడి చదువులో భాగం చేయమంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సామాజికోపయోగ ఉత్పాదక పని అని దానికి కొత్త పేరు పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని, ఆ రోజుల్లో పిల్లలు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక పనివారి దగ్గర పని చూడాలని సూచించింది.

పేర్లు మారుతూ వచ్చాయి. టైంటేబుల్‌లో పని విద్య పీరియడ్ మాత్రం చాలా బళ్లలో లెక్కల మాస్టారుకో, సైన్సు టీచరుకో వెళ్లిపోతుంది. పరీక్షలో లేని పీరియడ్‌కు దిక్కెవరు? ఇక ర్యాంకుల ప్రకటనల మీద నడిచే ప్రైవేటు బళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ పదో తరగతి పిల్లవాడికి ఇంట్లో ఫ్యూజు వేయడం రాకపోయినా ఎవరికీ బాధ లేదు.

వేసవి సెలవుల్లో

బడి చేయని పనిని వేసవి సెలవుల్లో ఇల్లు చేయవచ్చు. ఇక్కడ చట్టం ఏమంటుందో తల్లిదండ్రులు ముందు తెలుసుకోవాలి. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళల తర్వాతో, సెలవుల్లోనో సొంత కుటుంబం పనిలో, అదీ ప్రమాదం లేని పనిలో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా పనుల్లో కూడా విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు, రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి.

కాబట్టి ఎనిమిదో తరగతి దాకా తండ్రి, మామూ, చాచా దుకాణంలో కూర్చుని చూడటం, సామాన్ల పేర్లు తెలుసుకోవడం, బిల్లు రాయడం చాలు. తొమ్మిదో తరగతి సెలవుల్లో పద్నాలుగు నిండాక, నెల రోజులు తెలిసిన ఉస్తాద్ దగ్గర పెట్టవచ్చు. వెల్డింగ్ మంట, గ్రైండింగ్ చక్రం, స్ప్రే పెయింట్, యాసిడ్, ఎత్తు మీద పని, వీటి దగ్గరికి మాత్రం పద్దెనిమిది నిండేదాకా వద్దు. ఉస్తాద్‌ను ఎంచుకోవడంలో అల్లుణ్ణి ఎంచుకున్నంత జాగ్రత్త కావాలి. నోరు ఎలాంటిది, నమాజ్ వేళకు పని ఆపుతాడా, షెడ్డులో సిగరెట్, గుట్కా ఉన్నాయా, ఇంతకు ముందు అతని దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడెక్కడున్నారు అని విచారించాలి.

నెల రోజుల్లో ఏం నేర్పుతారో ముందే మాట్లాడుకోవాలి. చాలా షెడ్డుల్లో మొదటి ఏడాదంతా చాయ్ తేవడం, ఊడ్వడం, బండి తుడవడంతోనే గడుస్తుంది. ఊడ్వడం తప్పని మేము అనడం లేదు. పని జాగా శుభ్రంగా ఉంచడం కూడా హునరే. కానీ చాయ్ గ్లాసులు మోసినందువల్ల మెకానిక్ అయినవాడు లేడు. అబ్బాయి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని రోజూ ఏ పని చూశాడో, ఏ పనిముట్టు పట్టుకున్నాడో రాసుకోవాలి. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా ఫరవాలేదు. వారానికి ఒకసారి తండ్రి అది చూడాలి. పుటల నిండా చాయ్ కనిపిస్తే ఉస్తాద్‌తో మర్యాదగా మాట్లాడాలి.

బడి తెరిచిన మొదటి రోజునే అబ్బాయి తరగతిలో ఉండాలి. ఈ ఒక్క షరతు దగ్గర తల్లిదండ్రులు మెత్తబడకూడదు. రెండు నెలలు చేతిలో డబ్బు ఆడిన పిల్లవాడికి బెంచీ మీద కూర్చోవడం కష్టమే. అందుకే సెలవుల్లో వచ్చిన చేతిఖర్చు పిల్లవాడి జేబులోకి వెళ్లకుండా పోస్టాఫీసు ఖాతాలోకి వెళ్లడం మంచిది.

పదో తరగతి తర్వాత దారులు

పదో తరగతి పాసైన పిల్లవాడికి కాలేజీయా, షెడ్డా అన్న రెండే దారులున్నాయని చాలామంది అనుకుంటారు. ఆ రెండింటి నడుమ మంచి రోడ్లు ఉన్నాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మోటార్ వెహికల్ మెకానిక్, ఏసీ-రిఫ్రిజిరేషన్ వంటివి రెండేళ్ల ట్రేడులు. డీజిల్ మెకానిక్, కంప్యూటర్ ఆపరేటర్, కుట్టుపని వంటివి ఏడాది ట్రేడులు. వెల్డర్, వైర్‌మన్ వంటి కొన్నింటికి ఎనిమిదో తరగతి చాలు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు. ఇంటర్మీడియట్‌లోనే ఒకేషనల్ కోర్సులు ఉన్నాయి: మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, అకౌంట్స్, ఎలక్ట్రికల్, ఆటోమొబైల్, బట్టల డిజైన్, పూర్వ ప్రాథమిక టీచరు శిక్షణ వంటివి.

ఒకసారి ఐటీఐకి వెళ్తే ఇక పైచదువు తలుపు మూసుకుపోతుందన్న భయం చాలామంది అబ్బాలలో ఉంది. అది నిజం కాదు. ఐటీఐ చేసినవారు అర్హత పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్ ఒకేషనల్ వారు బ్రిడ్జి కోర్సు పరీక్ష రాస్తే ఎంపీసీ, బైపీసీ విద్యార్థులతో సమానంగా పైచదువులకు పోటీపడవచ్చు. దారి కాస్త చుట్టు. కానీ ఆ దారిలో నడిచేవాడు మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో ఒక పని, ఒక సర్టిఫికెట్ ఉంటాయి. మామూలు ఇంటర్ ఫెయిలై ఆగినవాడి చేతిలో ఏముంటుంది?

1961 నాటి అప్రెంటిస్ చట్టం గురించి మన మహల్లాల్లో ఎవరికీ అంతగా తెలియదు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. ఆ నిబంధనల్లోనే ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివిన వారికి నెలకు కనీసం 5,000, పదో తరగతి పాసైనవారికి 6,000, ఐటీఐ వంటి సర్టిఫికెట్ ఉన్నవారికి 7,000 రూపాయల స్టైఫండ్ నిర్ణయించారు. పదో తరగతి మెమోకు నెలకు వెయ్యి రూపాయల విలువ ఉందని ప్రభుత్వమే రాసిపెట్టిందన్న మాట. ఆర్టీసీ, రైల్వే వర్క్‌షాపులు, సింగరేణి, విశాఖ నేవల్ డాక్‌యార్డ్ వంటి చోట్ల ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. షెడ్డులో పదేళ్లు పనిచేసినా, చేతిలో కాగితం లేకపోతే ఆ గేట్లు తెరుచుకోవు.

ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్‌లో ఐటీఐ, పాలిటెక్నిక్, కడపలో మరో పాలిటెక్నిక్ ఆ విశ్వవిద్యాలయం నడుపుతోంది. ఉర్దూలో డిప్లొమా చదవవచ్చన్న సంగతి రాయలసీమలో ఉర్దూ బళ్ల తల్లిదండ్రులకే సరిగా చేరలేదు. ఇది శోచనీయం.

హిఫ్జ్ పూర్తి చేసుకుని పద్నాలుగు, పదిహేనేళ్లకు బయటికి వచ్చే పిల్లల గురించి వేరుగా చెప్పాలి. ఖుర్ఆన్‌ను గుండెల్లో దాచుకున్న ఆ బిడ్డల చేతిలో బడి సర్టిఫికెట్ ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి, ఉర్దూ మాధ్యమంలోనూ పదో తరగతి రాయవచ్చు. వేల ఆయతులు కంఠస్థం చేసిన పిల్లవాడికి పదో తరగతి పాఠాలు బరువు కావు. లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవారు దొరికితే చాలు. దీనికి మదర్సా నాజిములు అభ్యంతరం చెబితే, ఇమామ్ ఖస్సాఫ్ గారి సంగతి మర్యాదగా గుర్తు చేయవచ్చు.

గల్ఫ్ ప్రయాణం ఆలోచించే కుటుంబాలకు ఇంకో మాట. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద మామూలుగా ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమన్న ముద్ర పడుతుంది. సౌదీ, కువైట్, ఖతార్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే అలాంటివారు ప్రత్యేక అనుమతి పొందాలి. పది పాసైనవారికి ఆ ఇబ్బంది లేదు. పైగా ఇటీవలి సంవత్సరాల్లో సౌదీ అరేబియా ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ వంటి పనులకు ఇక్కడే నైపుణ్య పరీక్ష పెడుతోంది. పని వచ్చని నోటితో చెబితే సరిపోయే కాలం అక్కడ కూడా పోయింది.

ఆడపిల్లల మాట

ఆడపిల్ల విషయం వచ్చేసరికి మన ఇళ్లలో ఒకటే జవాబు: కుట్టు మిషన్. కుట్టుపని మంచిదే. కానీ వీధికి పది మిషన్లు ఉన్న మహల్లాలో పదకొండో మిషన్‌కు పనెక్కడుంది? రెడీమేడ్ బట్టల బజారు ఆ పదింటినే తినేస్తోంది. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్లు పదును చేసి, స్వహస్తాలతో పనిచేసి ఆ సంపాదనను దానం చేసేవారు. హజ్రత్ రుఫైదా (రజి) మస్జిదె నబవీ దగ్గర గుడారంలో గాయపడినవారికి చికిత్స చేశారని చరిత్రకారులు రాశారు.

రక్తం ఇవ్వడానికి మగవాడి ముందు చేయి చాపలేక ల్యాబ్ బయటే నిలబడిపోయే మన అమ్మలను చూశాం. మహిళా టెక్నీషియన్ కావాలని కోరతాం, మన అమ్మాయిని ఆ కోర్సుకు పంపమంటే సందేహిస్తాం. ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్, మహిళా ఆరోగ్య కార్యకర్త కోర్సులు ఆడపిల్లలకు ఎంతో అనువైనవి. అయితే ఒక హెచ్చరిక. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పాసయ్యాక ఆసుపత్రిలో ఒక సంవత్సరం శిక్షణ పూర్తి చేసి పారామెడికల్ బోర్డులో నమోదు చేసుకోవాలి. కోర్సు పాసై, పెళ్లి కుదిరిందని ఆ ఒక్క సంవత్సరం వదిలేసిన అమ్మాయిలు ఉన్నారు. రెండేళ్ల చదువు ఆ ఏడాది దగ్గర ఆగిపోతుంది. సంబంధం మాట్లాడుకునేటప్పుడే ఆ సంవత్సరం గురించి కూడా రెండు వైపుల పెద్దలు మాట్లాడుకుంటే బాగుంటుంది. కట్నం గురించి గంటలు మాట్లాడేవారికి ఇది ఐదు నిమిషాల పని.

దరఖాస్తుకు ముందు

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే పాలిటెక్నిక్, ఐటీఐ, ఒకేషనల్ ప్రవేశాల ప్రకటనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. గడువులు తక్కువగా ఉంటాయి. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం ద్వారా బీసీ-ఈ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్ ఈ ప్రవేశాల్లో ఉపయోగపడుతుంది. దూదేకులవారు బీసీ-బి కిందికి వస్తారు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మార్చిలోనే తీసిపెట్టుకోవాలి. తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం.

మన పిల్లల దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర. ఆధార్‌లో మొహమ్మద్, బడి రిజిస్టరులో ఎండీ, రేషన్ కార్డులో మహమ్మద్. ఒకచోట షేక్ ముందు, మరోచోట షేక్ చివర. తండ్రి పేరులో సాహెబ్ ఒక కాగితంలో ఉంటుంది, మరో కాగితంలో ఉండదు. పదో తరగతి మెమోలో ఎలా పడితే జీవితమంతా అలాగే నడుస్తుంది. కాబట్టి అబ్బాయి, అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగానే తండ్రి ఒక పూట పని మానుకుని ఆధార్ కార్డు పట్టుకుని బడికి వెళ్లాలి. రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తేడా ఉంటే హెడ్మాస్టరు గారికి అప్పుడే దరఖాస్తు ఇవ్వాలి. పదో తరగతి నామినల్ రోల్ పంపించేశాక అదే పనికి ఎన్నో ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.